బ్రేకు మీద కాలు ఎవరిది

జూన్ 3

వదినకు మీ మరిది రాస్తున్నది.

ఫోను చేస్తే రెండో నిమిషానికే మీరు ఏడుపు మొదలుపెడతారు, అది విని నేనూ మొదలుపెడతాను, చెప్పదలుచుకున్నది చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే ఉత్తరాలు రాసుకుందామని పోయినసారి మీరే అన్నారు. మొదటి ఉత్తరం మీ దగ్గర్నుంచే వస్తుందని మీ తోడికోడలు పందెం కాసింది. ఓడిపోయింది కాబట్టి ఈ వారమంతా గిన్నెలు తోమే పని తనదే.

ఈ కవరులో ఒక స్టిక్కరు పెట్టాను. మడత పడకుండా అట్టముక్క అడ్డం వేశాను, నెమ్మదిగా తీయండి. సంగతేమిటంటే, సోమవారం మా ప్రెస్సుకి ఒక ఆర్డరు వచ్చింది. అన్నయ్య చివరి రెండేళ్ళు మాస్టారుగా పనిచేసిన డ్రైవింగ్ స్కూలు లేదూ, ఇప్పుడు ఊరూరా బ్రాంచీలు తెరిచేసింది, ఆ కంపెనీ వాళ్ళదే. కార్లన్నిటికీ వెనక అద్దం మీద అంటించడానికి స్టిక్కర్లు కావాలట. అక్షరాల సైజు సరిచూద్దామని నేను మామూలుగా ఫైలు తెరిచాను. చూద్దును కదా, అన్నయ్య మాట!

"బ్రేకు మీద కాలు వేయడం అందరికీ వస్తుంది. తీయడమే రాదు."

అన్నయ్య పోయేముందు ఫోనులో తన పేజీలో పోస్టు పెట్టాడే, అదే. ఎన్ని వందలమంది పంచుకున్నారో మీకు తెలుసు. నాకే నలుగురు తిప్పి పంపారు, ఇది మా అన్నయ్యదేరా అని అందరికీ చెప్పుకున్నాను. ఫైల్లో చూడగానే గట్టిగా కేక పెట్టానట. కటింగ్ మెషీన్లో నా వేలు పడిందనుకుని మా ఓనరు పరిగెత్తుకొచ్చాడు. విషయం చెబితే, "సంతోషమేలే, ముందు ఆ మెషీను ఆపి సంతోషించు" అన్నాడు.

నా చేతుల మీదుగా వేశాను వదినా. నీలం రంగు రెండుసార్లు కలిపించాను. ఎండకి వెలిసిపోని షీటు వాడాను, కంపెనీ వాడు అడగకపోయినా. అన్నయ్య స్టీరింగు పట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరిగాడో, ఇప్పుడు ఆయన మాట కూడా అన్ని ఊళ్ళు తిరుగుతుంది. ఒక్కటే లోటు, కింద పేరు లేదు.

మోకాలి నొప్పి ఎలా ఉంది? షాపులో గంటల తరబడి నిలబడొద్దని డాక్టరు చెప్పింది మీకే గానీ మీ షాపు గోడలకి కాదు.

మీ మరిది

జూన్ 11

మరిదికి,

స్టిక్కరు వచ్చింది. మడత పడలేదు. బీరువా మీద పెట్టాను, అక్షరాలు గోడవైపుకి తిప్పి.

నువ్వు అంత సంబరంగా రాస్తే నీళ్ళు చల్లడం బాగుండదు గానీ, నాకు అది నచ్చలేదు. మా కళ్ళజోళ్ళ షాపుకి ఎదురుగానే సిగ్నలు, నీకు గుర్తుండే ఉంటుంది. ఎర్ర దీపం పడినప్పుడల్లా ఆ స్కూలు కారు ఏదో ఒకటి వచ్చి సరిగ్గా మా గాజు తలుపు ముందు నిలబడుతుంది. నేను ఎవరికైనా కొత్త జోడు పెట్టి, "దూరంగా ఏదైనా చదవండి" అంటానా, వాళ్ళు వీధిలోకి చూసి ఆ స్టిక్కరే చదువుతారు. "బ్రేకు మీద కాలు వేయడం అందరికీ వస్తుంది, తీయడమే రాదు. ఆహా, ఎంత బాగా కనిపిస్తోందమ్మా!" అంటారు. నిన్న ఒకావిడ చదివి నవ్వి, "ఎవర్నో మొద్దుని చూసే రాసుంటారు" అంది. ఆవిడ జోడు ముక్కు దగ్గర బిగుతుగా ఉందని తెలిసినా సరిచేయకుండా పంపేశాను. మళ్ళీ వస్తుందిలే, అప్పుడు చేస్తాను.

వాళ్ళు నన్ను అడగాలా వద్దా? అడిగితే చెప్పేదాన్ని, ఎలా వేయాలో, అసలు వేయాలో వద్దో. మనిషి పోతే ఆయన రాసుకున్నది ఎవరు పడితే వాళ్ళు తీసుకుపోవచ్చా? ఆ పోస్టులో ఏముందో నీకు తెలియంది కాదు. నీకు పరిచయం ఉన్నవాళ్ళెవరినైనా అడిగి చూడు. ఇలాంటి చిన్న చిన్న రాతలకి హక్కులాంటిది ఉంటుందా, ఉంటే ఇప్పుడు ఎవరిది, అని.

మోకాలు అలాగే ఉంది. నా సంగతి వదిలి నీ వేళ్ళు జాగ్రత్తగా చూసుకో.

వదిన

జూన్ 19

వదినకు,

మీ ఉత్తరం చదివి నాకు తల కొట్టేసినట్టయింది. పేరు లేకుండా వేయడం మీకు అంత బాధ కలిగిస్తుందని నేను ముందే ఊహించాల్సింది. మర్నాడే మా ప్రెస్సుకి విజిటింగ్ కార్డుల కోసం వచ్చే ప్లీడరు గారిని పట్టుకున్నాను. పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతారు, మధ్యలో అడ్డొస్తే మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడతారు.

స్టిక్కరు చేతికిచ్చాను. చదివారు, బోర్లించి బల్ల మీద పెట్టారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండి."

"అయితే కష్టం. చట్టం ఆలోచనని కాపాడదయ్యా. ఆలోచనని ఒక మనిషి ఏ తీరులో చెప్పాడో ఆ తీరుని కాపాడుతుంది. తీరు కనిపించాలంటే కాస్త చోటుండాలి కదా? పేర్లకీ, నినాదాలకీ, ఇలాంటి ఒకటి రెండు ముక్కల మాటలకీ మామూలుగా కోర్టులు హక్కు ఇవ్వవు. ఇస్తే రేపు బ్రేకు గురించి ఇంకెవరూ నోరెత్తడానికుండదు."

"మా అన్నయ్య దాన్ని పేజీలో పెట్టాడు కాబట్టి అందరిదీ అయిపోయిందా?" అన్నాను.

"అవలేదు. పేజీలో పెట్టినా గోడ మీద రాసినా రాసినవాడిది రాసినవాడిదే. నలుగురూ చదవడానికి పెట్టడం వేరు, ఇచ్చేయడం వేరు. పోయాక వారసులది. అక్కడ చిక్కు లేదు. చిక్కల్లా ఇది మరీ పొట్టిది కావడమే."

"అంటే పొట్టి పోస్టులు వేటికీ హక్కు రాదా అండీ?"

"కొలబద్ద పెట్టి కొలిచేది కాదయ్యా. పొట్టిదైనా అందులో రాసినవాడి ముద్ర ఉంటే వాదించొచ్చు. ఇందులో నాకు ఒక డ్రైవింగు మాస్టారు కనిపిస్తున్నాడు. ఏ మాస్టారో కనిపించడం లేదు."

నాకు ఒళ్ళు మండింది. ఏ మాస్టారో కనిపించకపోవడమేమిటి, మా అన్నయ్య! చట్టం చేయలేని పని మనమే చేద్దామని తిన్నగా స్కూలు ఆఫీసుకి వెళ్ళాను. మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడే. "ఇది మా అన్నయ్య రాసిందండీ, మీ దగ్గరే పనిచేశాడు, కింద పేరైనా వేయకపోతే ఎలా?" అని అడిగాను. నీళ్ళు నములుతాడనుకుంటే, ఎగిరి గంతేశాడు! "అయ్యో, మా మాస్టారు గారిదేనా? పేరేమిటండీ, ఫోటో కూడా వేద్దాం. ప్రతి బ్రాంచి బయటా పెద్ద బోర్డు పెడదాం" అన్నాడు. కొత్త ఆర్డరు మా ప్రెస్సుకే. మీ కోపానికి మందు దొరికింది.

అన్నయ్యది నీలం చొక్కా ఫోటో ఒకటి ఉండాలి, కారుకి ఆనుకుని నవ్వుతున్నది. వెంటనే పంపండి.

మీ మరిది

జూన్ 26

గౌరవనీయులైన మరిదిగారికి,

మిమ్మల్ని పేరు వేయించమని ఎవరడిగారు? నా ఉత్తరంలో పేరు అన్న మాట ఎక్కడుందో మీరే చూపించండి. హక్కు ఉందా అని కనుక్కోమన్నాను. మీరు వెళ్ళి బోర్డులు పెట్టించి వచ్చారు.

ఇన్నాళ్ళూ నయం. ఆ మాట ఎవరిదో ఎవరికీ తెలియదు, ఎవరి గురించో అంతకన్నా తెలియదు. రేపు ఆయన పేరూ ఫోటోతో పెద్ద బోర్డు పెడితే? మా షాపులో నాతో పనిచేసే ఇద్దరికీ తెలుసు నాకు కారు నేర్పింది ఎవరో. ఆ రోజు నాలుగు రోడ్ల కూడలిలో ఏం జరిగిందో మా వీధిలో సగం మందికి తెలుసు. పచ్చదీపం పడింది, నేను క్లచ్చి వదిలాను, కారు ఎగిరిపడి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ ఆగింది. వెనక హారన్లు. పక్క సీట్లోంచి ఆయన అరుపు: "బ్రేకు మీద నుంచి కాలు తియ్యి! తియ్యమంటున్నది నీకు కాదూ!" పెళ్ళయినప్పట్నుంచి నా మీద అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. నేను తలుపు తీసుకుని దిగి, కారు ఆయనకే వదిలేసి, కార్ల మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాను. మళ్ళీ ఆ సీట్లో కూర్చోలేదు.

ఆ పూట బ్రేకు మీద కాలు ఎవరిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అంతా తెలిసి కూడా ఆ రెండు వాక్యాలూ పట్టుకుని పండగ చేసుకుంటున్నారంటే, అన్నదమ్ములు అన్నదమ్ములే, బయటినుంచి వచ్చినదాన్ని బయటిదాన్నిగానే చూస్తారని అనుకోవాల్సి వస్తోంది.

ఫోటో పంపను. ఆ చొక్కా కూడా నా దగ్గరే ఉంది, అదీ పంపను.

మీ వదినగారు

జూలై 2

వదినకు,

మీరు నన్ను 'మీరు' అనడం ఇదే మొదలు. ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ తోడికోడలికి చూపించాను, "నువ్వేదో చేశావు, ఏం చేశావో నాకూ అర్థం కావట్లేదు" అంది.

కోపం తెచ్చుకోనంటే నా మనసులో మాట చెబుతాను. మీ కాలు బ్రేకు మీద బిగుసుకుపోయిందనుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేముంది? నేర్చుకునేవాళ్ళందరికీ జరిగేదే. అన్నయ్య సరదాగా రాశాడు. ఆయన వేళాకోళం మీకు కొత్తా? నా పెళ్ళిలో నా మీద ఎన్ని విసిరాడు! అది మీ గురించేనని ఊళ్ళో ఎవరికి తెలుస్తుంది? తెలిస్తే మాత్రం ఏమిటి? మంచి మాటకి మీరే కారణమని గర్వపడొచ్చు కదా.

నా సంగతి కూడా ఒకసారి ఆలోచించండి. అన్నయ్య పోయాక ఆయన స్వెట్టరు మీ దగ్గర ఉంది, కారు మీరు అమ్మేశారు, వాచీ మీ అన్నగారికి ఇచ్చారు. నేను అడగలేదు, అడగను. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. మెషీను మీద అది గంటకి ఎన్నోసార్లు నా చేతి కింద నుంచి వెళుతుంటే, అన్నయ్య భుజం మీద చెయ్యి వేసినట్టుంటుంది నాకు. దాన్ని దాచేయమంటే నాకు ప్రాణం ఒప్పడం లేదు.

బోర్డుల ఫైలు తయారైంది. ఫోటో చోటు ఖాళీగా ఉంచాను. వచ్చేవారం మెషీను ఎక్కిస్తాం. ఈలోపు మీ మనసు మారుతుందని ఆశ.

మీ మరిది

జూలై 6

ఒరేయ్,

ఒక్క సంగతి సూటిగా చెప్పు. ఆ పోస్టు నువ్వు ఎప్పుడైనా పూర్తిగా చదివావా?

నీకు నలుగురు తిప్పి పంపింది కాదు. ఆయన పేజీలో ఉన్నది. రెండు వాక్యాలు కనిపిస్తాయి, వాటి పక్కనే బూడిదరంగులో చిన్న అక్షరాలతో 'ఇంకా చూడండి' అని ఉంటుంది. ఇప్పుడు ఫోను తియ్యి. దాన్ని నొక్కు.

నొక్కాకే నాకు ఉత్తరం రాయి. అంతవరకూ రాయకు.

వదిన

జూలై 9

వదినా,

నొక్కాను. నొక్కి అక్కడే కాగితం బేళ్ళ మీద కూలబడ్డాను. ఏడాదిగా నా ఫోనులో ఉంది వదినా అది, ఆ పక్కనే, వేలు తగిలేంత దూరంలో. మీకు రాసేటప్పుడైనా నా కళ్ళతో చదివినట్టు ఉండాలని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"బ్రేకు మీద కాలు వేయడం అందరికీ వస్తుంది. తీయడమే రాదు. ఇవాళ నాలుగు రోడ్ల దగ్గర మా ఇంటావిడ చేత కారు నడిపించాను. రెండుసార్లు ఆగిపోయింది. బ్రేకు వదలడం లేదని ఆవిడ మీద అరిచాను. ఆవిడ దిగి నడిచి వెళ్ళిపోయింది. కారు పక్కకి తీద్దామని చూసుకుంటే, నా వైపు బ్రేకు మీద నా కాలే ఉంది. ఎంత గట్టిగా తొక్కి పట్టానో మడమ దాకా నొప్పి. ఇంతమందికి నేర్పాను. ఇంట్లో మనిషి దగ్గరికొచ్చేసరికి నాకే రాలేదు."

ఆ రోజు మీరు నడిపింది స్కూలు కారని, స్కూలు కార్లలో మాస్టారు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుందని నాకు తెలుసు. అన్నయ్య ఒకసారి కారు తెచ్చినప్పుడు ఆ సీట్లో కూర్చుని తొక్కి చూశాను కూడా. అయినా తట్టలేదు. మీ కాలే బిగుసుకుందని మీకే రాసి, సిగ్గుపడొద్దని ఓదార్చి, పైగా గర్వపడమన్నాను. నా మొహం మీకు ఎలా చూపించాలో తెలియడం లేదు.

ఉత్తరం ఇక్కడ ఆపి వెళ్ళి మెషీను ఆపించాను. మా ఓనరు వీరంగం వేశాడు. "పార్టీ ఆర్డరిచ్చింది, నువ్వెవడివి ఆపడానికి?" అన్నాడు. ఫోను ఆయన చేతిలో పెట్టి చదవమన్నాను. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ పూటకి ఆపు, రేపు చూద్దాం" అన్నాడు. ఆయన కూడా వాళ్ళావిడకి కారు నేర్పాడట. అంతకుమించి చెప్పలేదు.

సాయంత్రం ప్లీడరు గారింటికి వెళ్ళాను. మొత్తం చదివి, "ఇది ముందే చూపించి ఉండాల్సింది" అన్నారు. "మొన్న నువ్వు తెచ్చింది ఎవరైనా అనగలిగే మాట. ఇది ఆ ఒక్కడే రాయగలిగింది. ఇప్పుడు వాదించడానికి మనకి సరుకుంది." ఆయన అన్నదాంట్లో నాకు పట్టుబడింది ఇంత: ఆ రెండు వాక్యాలూ విడిగా బలహీనమే, కానీ వాళ్ళు తీసుకున్నది ఒక రచనలోంచి ముక్క. అన్నయ్య తన తప్పు ఒప్పుకున్న భాగాన్ని కత్తిరించి, తప్పు ఎదుటివాళ్ళ మీద పడేలా చేశారు. రాసినవాడి పేరు పెట్టి మరీ అలా కత్తిరిస్తే అది ఇంకో తప్పు. కోర్టు ఒప్పుకుంటుందని హామీ ఇవ్వలేనన్నారు, "పొట్టి రాతల దగ్గర జడ్జికో రకంగా ఉంటుంది" అన్నారు. కానీ నోటీసు ఇవ్వడానికి ఇది చాలునట. హక్కు ఇప్పుడు మీది. నోటీసు మీ పేరు మీదే వెళ్ళాలి. కాగితం ఇందులో పెట్టాను, సంతకం చేసి పంపండి.

ఒక్క మనవి. స్టిక్కర్లు తీసేయమని అడుగుదాం. పూర్తిగా వేయమని మాత్రం అడగొద్దు. అన్నయ్య నడిరోడ్డు మీద పెళ్ళాం మీద అరిచాడని ఊరంతా చదువుతుంటే నేను తట్టుకోలేను. ఆయన పరువు కూడా చూడాలి కదా.

మీ మరిది

జూలై 15

మరిదికి,

సంతకం పెట్టి పంపుతున్నాను. 'మీరు' అన్నందుకు ఏమీ అనుకోకు. నీ మీద కోపం వస్తే నాకు మర్యాద పొంగుకొస్తుంది.

పరువు అన్నావు. ఆ పోస్టు ఆయన తనంతట తానే పెట్టారు, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. తప్పు చేశానని అందరి ముందూ రాసినవాడి పరువు నువ్వు కాపాడేదేమిటి? ఆ రెండు వాక్యాలే ఉంటేనే ఆయన పరువు పోతుంది. పెళ్ళాన్ని ఎగతాళి చేసి పేరు తెచ్చుకున్న మనిషవుతారు. ఆయన అలాంటివారు కాదు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. బయటివాళ్ళకి నేర్పేటప్పుడు ఆయన కాలు బ్రేకు మీద తేలిగ్గా ఉండేది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు మా షాపుకి వస్తుంటారు, అందరూ అదే అంటారు. మాస్టారు బ్రేకు వేసినట్టే తెలిసేది కాదు అని. నా దగ్గరే అలా బిగుసుకుంది. నాకేమైనా అవుతుందేమోనని భయం. ఆ భయం ఆయనకీ తెలియలేదు, కాలికి మాత్రం తెలిసింది. నేను ఆ పోస్టుని ఎందుకు అంత పట్టుకుని వేలాడుతున్నానో ఇప్పుడైనా అర్థమైందా? అరిచింది అందరూ విన్నారు. మిగతాది రాసి ఉంది కాబట్టే నాకు తెలిసింది. వాళ్ళు ఆ మిగతాదే కోసేశారు.

బోర్డులు ఆగాయని తెలిసిందట, నిన్న కంపెనీ నుంచి ఒకాయన ఫోను చేశాడు. ఆయన గొంతు వింటే ఇస్త్రీ చొక్కా కనిపించింది. "మేడమ్, ఆయన అప్పట్లో మా ఉద్యోగి. ఉద్యోగంలో ఉండగా రాసింది కంపెనీకే చెందుతుంది" అన్నాడు. "ఆయన్ని మీరు జీతమిచ్చి పెట్టుకుంది దేనికండీ, కారు నేర్పడానికా, రాయడానికా?" అన్నాను. "నేర్పడానికే, కానీ..." అన్నాడు. "ఇది రాసింది ఆదివారం. మా ఇంట్లో. లుంగీ మీద. యూనిఫారం ఉతికి తీగ మీద ఆరేసి ఉంది" అన్నాను. మళ్ళీ చేస్తానని పెట్టేశాడు. నేనన్నది సరేనా కాదా ప్లీడరు గారిని అడుగు.

ఆ బిగుతు జోడు ఆవిడ మళ్ళీ వచ్చింది. సరిచేసి పంపాను.

వదిన

ఆగస్టు 4

వదినకు,

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం నా చేతులు. ఎందుకో చెబుతాను.

మీ లుంగీ సమాధానం ప్లీడరు గారికి చెబితే ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. "వాదన బాగుంది. నేను లుంగీ తీసేసి మిగతాది పెడతాను" అన్నారు. అలాగే రాశారు: చేసే ఉద్యోగం డ్రైవింగు నేర్పడం, సొంత పేజీలో సెలవు రోజున రాసుకున్నది ఆ ఉద్యోగంలో భాగం కాదు అని. కంపెనీ వాళ్ళు తమ ప్లీడరుతో రెండు వాక్యాలకి హక్కేమిటని ఒక ఉత్తరం, మా ప్లీడరు గారు ముక్క కాదు మొత్తం చూడమని ఒక ఉత్తరం, అలా కొన్ని తిరిగాయి. చివరికి వాళ్ళు కోర్టుదాకా వద్దని, స్టిక్కర్లు తీసేసి బోర్డులు మానుకుంటామన్నారు. చట్టం మన పక్షమని ఒప్పుకోలేదు, "కుటుంబం మనసు నొప్పించడం మా ఉద్దేశం కాదు" అని రాశారు. ఎవరు గెలిచినట్టండీ అంటే, "స్టిక్కర్లు పోతున్నాయి కదయ్యా, అది చూసుకో" అన్నారు ప్లీడరు గారు.

పూర్తి పోస్టు కార్ల మీద వేస్తారా అని కూడా అడిగించాను. అవును, నేనే అడిగించాను. మీ ఉత్తరం చదివాక నా మాట నాకే రుచించలేదు. కానీ అంత రాత వెనక అద్దం మీద వేస్తే డ్రైవరుకి వెనకాల ఏమీ కనిపించదట. అది మాత్రం నిజమే.

తీసే పని మా ప్రెస్సుకే అప్పగించారు. ఓనరు నన్నే పంపాడు. ఎండకి వెలిసిపోకూడదని గట్టి షీటు వేశానని చెప్పాను చూడండి, అది అంత తేలిగ్గా ఊడి రాదు! వేడిగాలి కొట్టి, బ్లేడుతో అంచు లేపి, మిగిలిన జిగురు కిరసనాయిలుతో తుడిచి, ఒక్కొక్క కారుకీ ప్రాణం మీదకొచ్చింది. వేళ్ళన్నీ బొబ్బలు. ఈ ఉత్తరం సగం మీ తోడికోడలు రాసింది, నేను చెబుతుంటే. చేతిరాత బాగుందనిపిస్తే అది తనదన్నమాట.

కార్లు తుడుస్తుంటే అక్కడి సీనియర్ మాస్టారు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. అన్నయ్యతో కలిసి పనిచేసినవాడే. "ఎందుకు తీసేస్తున్నారు?" అన్నాడు. చెప్పకుండా ఫోను ఇచ్చాను. ఆయన కూడా 'ఇంకా చూడండి' నొక్కలేదట ఎప్పుడూ. నిలబడే చదివాడు, తర్వాత మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదివాడు. "ఇది నేర్చుకునేవాళ్ళకి కాదయ్యా, మాకు" అన్నాడు.

మర్నాడు మేనేజరు దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. మాస్టర్లు తాళాలు తీసుకునే గదిలో, లోపల, పూర్తి పోస్టు ఒక్కటి గోడకి పెట్టుకోవడానికి మీ అనుమతి కోరుతున్నారు. మాట ఎవరిదో వాళ్ళని అడిగి వేయడం ఆ కంపెనీకి ఇదే మొదలేమో. వద్దంటే పెట్టరు. నేను ఏ సలహా ఇవ్వను, నా సలహాలు ఎలా ఉంటాయో మీరు చూశారు. మీ ఇష్టం.

మీ మరిది, మీ తోడికోడలు

ఆగస్టు 12

మరిదికీ, ఆ మంచి చేతిరాతకీ,

బొబ్బల మీద వెన్న రాయి, తగ్గుతాయి. ఇంకెప్పుడూ అడగని గట్టి సరుకు వేయకు.

అనుమతి కాగితం ఇందులో ఉంది. ప్లీడరు గారు చూస్తే వంకలు పెడతారేమో, అయినా నా మాటల్లోనే రాశాను. పెట్టుకోవచ్చు. ఒక్క అక్షరం కూడా కోయకూడదు. కొత్తగా ఏదీ కలపకూడదు. కింద ఆయన పేరు వేయాలి. ఈసారి నేనే అడుగుతున్నాను, నువ్వు కంగారుపడకు. ఎప్పుడైనా చోటు చాలక కోయాల్సి వస్తే మొత్తం తీసేయాలి. దీన్ని నువ్వే వేయి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, మాస్టర్లలో సగం మందికి కళ్ళజోడు అవసరమని వాళ్ళకే తెలియదు.

ఇప్పుడు సిగ్నలు దగ్గర స్కూలు కార్లు ఆగితే వెనక అద్దం ఉట్టి అద్దమే. లోపల కూర్చున్న వాళ్ళ తలలు కనిపిస్తాయి. నిన్న ఒక కారు పచ్చదీపం పడ్డాక కూడా కదల్లేదు. వెనక హారన్లు. మాస్టారు ఏమంటాడోనని నేను ఒకాయన జోడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వినిపించలేదు. కాసేపటికి వెళ్ళిపోయింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ ఆదివారం సాయంత్రం ఆయన ముందుగదిలో కూర్చుని అది రాశారు. నేను వంటింట్లో నిలబడి నా ఫోనులో చదివాను. మధ్యలో ఒక్క గోడ. ఆయన వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళారు. నేను చదివానో లేదో అడగలేదు. నేను చెప్పలేదు. చెబితే మెత్తబడిపోయానని అనుకుంటారని బింకం. ఇంకో నాలుగు రోజులు ఆగి చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఉన్నాను, గుండె ఆగి ఆయన వెళ్ళిపోయారు. ఎన్ని వందలమంది పంచుకున్నారో అంటావు, ఆ వందల్లో నేను లేను. ఆ పోస్టు కింద నా పేరు ఎక్కడా ఉండదు.

నిన్న రాత్రి అన్నం తిని ఆయన పేజీ తెరిచాను. 'ఇంకా చూడండి' నొక్కి, చివరిదాకా చదివి, కింద ఒక మాట రాశాను. ఎంతసేపు ఆలోచించినా ఒక్క మాటే వచ్చింది.

"చదివాను."

దీనికి హక్కు రాదని ప్లీడరు గారు చెప్పక్కర్లేదు, నాకే తెలుసు. ఎవరైనా వాడుకోవచ్చు.

వదిన